నాయకుడి చుట్టూ భద్రత, ఆదివాసీ చేతిలో వినతిపత్రం: కెమెరా దేన్ని చూస్తోంది?

గునుపూడి మాస్టారు, భీమవరం

2012 జనవరి 26 నాటి వీడియో ఒకటి మీలో చాలామంది చూసే ఉంటారు. ఆస్ట్రేలియా రాజధాని కాన్‌బెర్రాలో ఒక రెస్టారెంటు నుంచి అప్పటి ప్రధాని జూలియా గిలార్డ్‌ను భద్రతాధికారి గట్టిగా అదిమి పట్టుకుని కారు వైపు పరుగు తీయించారు. ఆమె తూలారు, ఒక కాలి చెప్పు ఊడిపోయింది. ఆ బొమ్మ ప్రపంచమంతా తిరిగింది. బయట గుమిగూడినవాళ్లు అక్కడి మూలవాసులు, వారి మద్దతుదారులు. వాళ్లు ఎందుకు వచ్చారన్నది మాత్రం ఆ బొమ్మలో లేదు. జర్నలిజం చదివే పిల్లలకు ఈ మధ్య ఇదే పాఠంగా చెప్పాను. చెప్పు సంగతి చాలామందికి తెలుసు, డిమాండు సంగతి ఎవరికీ తెలియదు.

ఇక మన ఊరి సంగతి. 2022 జూలై 4న ప్రధాని మోదీ భీమవరం వచ్చి అల్లూరి సీతారామరాజు 30 అడుగుల కంచు విగ్రహాన్ని ఆవిష్కరించారు. అది 125వ జయంతి సంవత్సరం. గన్నవరం నుంచి హెలికాప్టర్ లేచాక కొందరు కాంగ్రెస్ కార్యకర్తలు నల్ల బెలూన్లు ఎగరేశారు. ఇక టీవీల్లో వాదనంతా అవి ఎంత దూరంలో ఎగిరాయి, ఎవరి వైఫల్యం అన్నదాని మీదే నడిచింది. పన్నెండు రోజులకు, జూలై 16న, భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. అల్లూరి పేరు పెట్టిన జిల్లాలోనే చింతూరు, కూనవరం, వి.ఆర్.పురం మండలాల ఊళ్లు నీళ్లలో ఉన్నాయి. పోలవరం ప్రాజెక్టు ముంపు కింద ఆ మండలాలవాళ్లు ఏళ్ల తరబడి అడుగుతున్న పునరావాసం మీద అంత వాదన ఏ టీవీలో జరిగింది?

నాయకుడి భద్రతకు లోటు రాకూడదు, అందులో తగాదా లేదు. కానీ ఆ భద్రతే వార్త అయిపోయినప్పుడు, ముఖ్యంగా ఆదివాసీల విషయంలో, అడిగినవారి మాట ఎక్కడికి పోతోంది? పార్టీల గొడవ ఇక్కడ వద్దు. తెలిసినవారు తెలిసింది రాయండి.


పాలకొల్లు ప్రవాసి, కాన్‌బెర్రా

మాస్టారూ, నేను ఉండేది ఆ ఊళ్లోనే కాబట్టి ముందు వెనుకలు చెబుతాను.

జనవరి 26 మనకు గణతంత్ర దినం. ఇక్కడ అది 1788లో బ్రిటిష్ నౌకలు సిడ్నీ తీరానికి చేరిన రోజు. దేశం సెలవు తీసుకుని పండుగ చేసుకుంటుంది, మూలవాసులు భూమి పోయిన రోజుగా గుర్తు చేసుకుంటారు. 1972లో అప్పటి ప్రధాని విలియం మెక్‌మాన్ వారికి భూమి మీద హక్కు ఇచ్చేది లేదని, కావాలంటే 50 ఏళ్ల లీజులు ఇస్తామని ప్రకటించారు. దానికి జవాబుగా నలుగురు యువకులు జనవరి 26న పార్లమెంటు ఎదుట పచ్చికలో ఒక బీచ్ గొడుగు పాతి, దాన్ని తమ రాయబార కార్యాలయం అన్నారు. సొంత గడ్డ మీదే పరాయివాళ్లుగా చూస్తుంటే రాయబారి ఉండవలసిందే కదా అన్నది వాళ్ల వాదన. ఆ ఏడాది జూలైలో పోలీసులు గుడారాలు పీకేశారు. మళ్లీ వేశారు. 1992 నుంచి అక్కడే ఉంది. 1995లో దాన్ని జాతీయ వారసత్వ జాబితాలో కూడా చేర్చారు.

2012లో అది 40వ వార్షికోత్సవం. ఆ ఉదయం ప్రతిపక్ష నాయకుడు టోనీ ఆబట్‌ను విలేకరులు ఆ గుడారం గురించి అడిగారు. అప్పటికీ ఇప్పటికీ ఎంతో మారింది, ఇక దాన్ని దాటి ముందుకు సాగవచ్చు అన్న ధోరణిలో ఆయన మాట్లాడారు. ఆ మాట చేతులు మారి గుడారం దగ్గరికి చేరేసరికి, గుడారం పీకేయమన్నారు అన్నంత అయింది. ఆబట్ ఫలానా చోట ఉన్నారన్న కబురు ప్రధాని కార్యాలయంలోని ఒక మీడియా సలహాదారు ద్వారా బయటికి పొక్కింది. ఆయన మర్నాడే ఆ పని వదులుకోవలసి వచ్చింది.

ఆ రెస్టారెంటు గుడారానికి నడిచి వెళ్లేంత దూరం. గోడలన్నీ అద్దాలు. లోపల విపత్తుల్లో సేవ చేసినవారికి పతకాలు ఇస్తున్నారు. జనం అద్దాల మీద బాదుతూ కేకలు పెట్టారు. అధికారులు ఇక ఆగకూడదనుకున్నారు. ఆ గందరగోళంలోనూ గిలార్డ్, ఆబట్‌ను కూడా బయటికి తీసుకువెళ్లాలి కదా అని సిబ్బందిని అడగడం కెమెరాలో ఉంది. నాకు ఆమె మీద ఆ ఒక్క విషయంలో గౌరవం పెరిగింది. ఆ రోజు అరెస్టులు లేవు. చెప్పు తిరిగి ఆమెకే చేరింది.

తరువాత రోజుల తరబడి పత్రికల్లో నడిచినవి మూడే సంగతులు: చెప్పు, ఆ సలహాదారు, ప్రధాని మీద పడే రాజకీయ ప్రభావం. 1972లో అడిగిన భూమి సంగతి ఏమైందన్న కథనాలు లేకపోలేదు, కానీ వెతుక్కుని చదవాలి.


విశ్రాంత హెడ్ కానిస్టేబుల్, రాజమహేంద్రవరం

నేను సర్వీసంతా ఉభయ గోదావరి జిల్లాల్లోనే చేశాను. మీరు రాసిన అద్దాల గోడ అన్న మాట దగ్గర ఆగాను. అద్దం బయట బాదుతున్న మనిషి చేతిలో ఏముందో లోపలి భద్రతాధికారికి తెలియదు. 1991 మే 21న శ్రీపెరంబుదూరులో రాజీవ్ గాంధీ దగ్గరికి వచ్చిన మనిషి దండ పట్టుకునే వచ్చింది. 1984లో ఇందిర గారిని కాల్చింది సొంత కాపలావాళ్లు. ప్రధానికి కాపలా కాసే ఎస్పీజీ పుట్టిందే ఇందిర గారి హత్య తరువాత. అక్కడి నుంచి నేర్పింది ఒకటే: అనుమానం వస్తే నాయకుణ్ణి అక్కడి నుంచి తప్పించు, ఆలోచన తరువాత.

ఏజెన్సీలో మా అనుభవం ఇంకా చేదు. 1987 డిసెంబరులో గుర్తేడు దగ్గర ఎస్.ఆర్. శంకరన్ గారితో పాటు ఐఏఎస్ అధికారులను నక్సలైట్లు ఎత్తుకుపోయారు. పేదల కోసం బతికిన అధికారినే వదలలేదు. 2018 సెప్టెంబరు 23న లివిటిపుట్టు దగ్గర అరకు ఎమ్మెల్యే కిడారి సర్వేశ్వరరావు, మాజీ ఎమ్మెల్యే సివేరి సోమ హత్యకు గురయ్యారు. ఇద్దరూ గిరిజన నాయకులే. డెల్టాలోకి వస్తే, 2022 మే 24న అమలాపురంలో మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు తగలబడ్డాయి. భయం ఊరికే పుట్టలేదు.

బందోబస్తు ఎలా నడుస్తుందో కూడా చెబుతాను. ప్రధాని వస్తున్నారంటే ముందుగానే ఢిల్లీ బృందం వచ్చి హెలిప్యాడ్ నుంచి వేదిక దాకా అడుగడుగూ చూస్తుంది. ప్రముఖుల భద్రతకు నియమాల పుస్తకమైన బ్లూ బుక్‌లో ఉన్నట్టు చేయాలి. కాన్వాయ్ ట్రయల్ రన్ ఉంటుంది. దారి పొడుగునా ఇంటికప్పుల మీద మనుషులు. పక్క జిల్లాల నుంచి తెచ్చిన కానిస్టేబుల్‌కు ఆ ఊరు తెలియదు, ఆ జనం తెలియదు, భాషలో యాస తెలియదు. జనాన్ని ఆపడానికి తాడు పట్టుకునే రోప్ పార్టీలో నిలబడ్డవాడికి ఎదుటివాడు ఏ డిమాండుతో వచ్చాడన్న సమాచారం ఎవరూ ఇవ్వరు. గీత దాటనివ్వకు అని మాత్రమే చెబుతారు. అక్కడే చిక్కు. కాగితం పట్టుకుని వచ్చిన ముసలావిడను, రాయి పట్టుకుని వచ్చిన కుర్రవాణ్ణి ఒకే చేత్తో నెడతాం. ఈ తేడా చూడగలిగే తీరిక, అధికారం కింది మనిషికి ఇస్తే సగం తోపులాటలు జరగవు.


పాత విలేకరి, కొవ్వూరు

హెడ్ గారు రాసింది అక్షరాలా నిజం. ఇక మా వైపు సంగతి.

మండల విలేకరికి జీతం ఉండదు. అచ్చయిన వార్తకు వరుసల లెక్కన ఇచ్చే లైన్ అకౌంట్, దానికి తోడు ప్రకటనల కమీషన్. కొండ మీది ఊరికి వెళ్లి రావడానికి బండికి పెట్రోలు, పూట అంతా పోతుంది. సిగ్నల్ ఉండదు, ఫొటో పంపాలంటే మళ్లీ రోడ్డు మీదికి రావాలి. వార్త జిల్లా పేజీలో లోపల ఎక్కడో నాలుగు ముక్కలు వస్తుంది. అదే ధర్నాలో తోపులాట జరిగిందనుకోండి, పోలీస్ స్టేషన్ నుంచే ఫోన్ వస్తుంది. పేర్లు, సంఖ్య, సెక్షన్లు అన్నీ సిద్ధంగా ఉంటాయి. డెస్క్ కూడా అడిగేది ఒకటే: ఫొటోలో కదలిక ఉందా? కూర్చున్న జనం ఫొటో పక్కన పడేస్తారు. బారికేడ్ ఎక్కిన మనిషి ఫొటో మొదటి పేజీకి పోతుంది.

అంటే ఎవరో గదిలో కూర్చుని ఆదివాసీలను చెడ్డగా చూపిద్దాం అనుకోనక్కరలేదు. ఏ సమాచారం సులువుగా చేతికి అందుతుందో అదే వార్త అవుతుంది. పోలీసుల దగ్గర సమాచారం ఉంటుంది, గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏ దగ్గర ప్రకటన ఉంటుంది. ఊరివాళ్ల దగ్గర ఉన్నది ఫొటోస్టాట్ కాగితాల కట్ట. దాన్ని చదవడానికి అరగంట పడుతుంది, ఆ అరగంటకు డబ్బు ఇచ్చేవారు లేరు.

ఇంకొకటి, ఇది నన్ను ఎప్పటికీ బాధపెట్టే సంగతి. ఆగస్టు 9 ఆదివాసీ దినోత్సవం రోజున ఫొటోగ్రాఫర్లు వాళ్లను విల్లంబులు ఎత్తి పట్టమంటారు, కొమ్ములు కట్టుకుని ఆడమంటారు. రంగుల ఫొటో వేస్తారు. అవే విల్లంబులు ధర్నాలో కనబడితే ఫొటో కింద ‘ఆయుధాలతో’ అని రాస్తారు. మనిషి అదే, విల్లు అదే.


పాపికొండల పిల్ల

నేను కొండరెడ్డి అమ్మాయిని. దేవీపట్నం మండలంలో గోదావరి ఒడ్డున మా ఊరు. ఇప్పుడు పునరావాస కాలనీలో ఉంటున్నాం. పెద్దవాళ్లు రాస్తున్నారు కదా అని ఇన్నాళ్లూ ఈ వేదికలో చదవడమే తప్ప రాయలేదు. ఈ విషయం మీద రాయకపోతే తప్పు.

పోలవరం పనుల కోసం నదికి అడ్డంగా తాత్కాలిక కట్ట, అదే కాఫర్ డ్యామ్, కట్టాక వరద వచ్చిన ప్రతిసారీ మా వైపు నీళ్లు త్వరగా ఎక్కడం, ఆలస్యంగా దిగడం మొదలైంది. గండిపోచమ్మ తల్లి గుడి మునిగిన ఫొటోలు మీరు ప్రతి ఏడాదీ పేపర్లో చూస్తారు. గుడి మునిగితే వార్త. గుడి పక్క ఊళ్లవాళ్లు కొండ మీద టార్పాలిన్ల కింద వండుకున్నది అంత వార్త కాలేదు.

మా వినతిపత్రంలో ఏముంటుందో ఎవరూ అడగలేదు కాబట్టి చెబుతాను. మాకు ఇస్తామన్న పునరావాస ప్యాకేజీ గిరిజన కుటుంబానికి 6.86 లక్షలు. దాన్ని 10 లక్షలు చేస్తామని 2021లో రాష్ట్ర ప్రభుత్వం జీవో ఇచ్చింది. ఆ తేడా ఎప్పుడు ఇస్తారన్నది మొదటి ప్రశ్న. రెండోది 18 ఏళ్ల సంగతి. 2013 భూసేకరణ చట్టం ప్రకారం పెళ్లయినా కాకపోయినా వయసు వచ్చిన వ్యక్తి విడి కుటుంబమే. కానీ లెక్క తీసిన నాటికి మైనర్లయిన పిల్లలు, మమ్మల్ని తరలించేనాటికి పెద్దవాళ్లయ్యారు. పెళ్లిళ్లయి పిల్లలు కూడా ఉన్నారు. జాబితాలో మాత్రం తండ్రి పేరు కిందే ఉండిపోయారు. మూడోది భూమికి భూమి. ఇచ్చిన భూమి కొన్నిచోట్ల రాళ్లు, కొన్నిచోట్ల కోర్టు కేసుల్లో ఉన్నది. నాలుగోది మా జీలుగు చెట్లు, చింతచెట్లు, కొండ చీపురు, అడ్డాకులు. అడవి మీద వచ్చే ఈ బతుకు ఏ సర్వే నంబరులోనూ లేదు, కాబట్టి పరిహారంలోనూ లేదు.

ఇది పట్టుకుని ఒక పెద్ద నాయకుడు ప్రాజెక్టు పరిశీలనకు వస్తున్నారంటే వెళ్లాం. ముందు రోజు రాత్రే మా పెద్దల్లో ఇద్దరిని స్టేషనుకు పిలిపించి కూర్చోబెట్టారు. పొద్దున మా ఆటోలను మధ్యలో ఆపారు. నడిచి వెళ్లాం. తాడు దగ్గర ఆపారు. మా పిన్ని కాగితాలన్నీ ఎరువుల సంచి కోసి కుట్టిన కవర్లో పెట్టి, వాన తగలకుండా రవికె లోపల దాచుకుంది. కాన్వాయ్ వెళ్లిపోతుంటే అది తీసి పైకి ఎత్తి అరిచింది. ఆమె నోరు తెరిచి, చెయ్యి ఎత్తి ఉన్న ఫొటో మర్నాడు పేపర్లో వచ్చింది. ‘కాన్వాయ్‌ను అడ్డుకునే యత్నం’ అని రాశారు. ఆమె చేతిలో కవరు ఫొటోలో స్పష్టంగానే కనబడుతోంది. దానిలో ఏముందని ఏ విలేకరీ మా కాలనీకి రాలేదు.

హెడ్ గారూ, మీరు పెద్దవారు, మీరు రాసిన భయాలు నాకు అర్థమవుతాయి. లివిటిపుట్టులో చనిపోయినవాళ్లు మావాళ్లే. కానీ ఆ హత్యలు చేసినవారి లెక్కలో మా పిన్నిని ఎందుకు కలుపుతారు?


తణుకు ప్రయాణికుడు

అమ్మాయి రాసింది చదివి బాధ కలిగింది. అయినా ఒక మాట చెప్పక తప్పదు. నేను మందుల వ్యాపారం మీద జంగారెడ్డిగూడెం, రంపచోడవరం వైపు తరచూ తిరుగుతాను. బంద్ అంటారు, చెట్లు నరికి రోడ్డుకు అడ్డం వేస్తారు. ఆసుపత్రికి వెళ్లే బండి ఆగిపోతే ఆ ప్రాణం ఎవరిది? నాయకుడికి చెప్పాలంటే పద్ధతి ఉంది, సోమవారం కలెక్టరేట్లో అర్జీలు తీసుకుంటారు. కాన్వాయ్ ముందుకు ఎందుకు వెళ్లాలి? అక్కడికి వెళ్తే పోలీసు చెయ్యి చేసుకుంటాడని తెలిసే వెళ్తారు కదా.


న్యాయవాది, కాకినాడ

తణుకు వారి ప్రశ్న న్యాయమైనదే, కాబట్టి చట్టం ఏమంటుందో చెబుతాను.

రాజ్యాంగం 19(1)(బి) ఆయుధాలు లేకుండా శాంతియుతంగా సమావేశమయ్యే హక్కు ఇచ్చింది. హక్కుకు హద్దులూ ఉన్నాయి. షహీన్‌బాగ్ కేసులో 2020 అక్టోబరులో సుప్రీంకోర్టు, రోడ్డును నిరవధికంగా ఆక్రమించి నిరసన చేయకూడదని చెప్పింది. కాబట్టి చెట్లు నరికి అడ్డం వేయడాన్ని నేను సమర్థించను, ఏ కోర్టూ సమర్థించదు. కానీ అంతకు రెండేళ్ల ముందు, 2018 జూలైలో, జంతర్‌మంతర్ కేసులో అదే కోర్టు ఢిల్లీ నడిబొడ్డున నిరసనలను పూర్తిగా నిషేధించడం కుదరదని, నియమాలు పెట్టుకుని అనుమతించాలని చెప్పింది. అధికారంలో ఉన్నవారి చెవిన పడేంత దగ్గరలో నిలబడటం కూడా ఆ హక్కులో భాగమే. ఊరవతల ఖాళీ స్థలంలో అరుచుకోమంటే అది హక్కు ఇచ్చినట్టు కాదు.

మన రాష్ట్రంలోనే చూడండి. 2022 డిసెంబరు 28న కందుకూరు తొక్కిసలాటలో 8 మంది, 2023 జనవరి 1న గుంటూరులో ముగ్గురు చనిపోయాక, రోడ్ల మీద సభలు కట్టడి చేస్తూ జీవో నంబర్ 1 వచ్చింది. ప్రాణాలు పోయిన మాట నిజం, కారణం లేకుండా రాలేదు. అయినా 2023 మేలో హైకోర్టు దాన్ని కొట్టివేసింది. పోలీసు చట్టంలోని సెక్షన్ 30 కూడా ఊరేగింపులను క్రమబద్ధం చేయడానికి ఉన్నది, నెలల తరబడి అమలులో ఉంచి అసలు జరగనివ్వకుండా చేయడానికి కాదు. ముందు రోజు రాత్రి పెద్దలను స్టేషన్లో కూర్చోబెట్టడానికైతే నేరం చేయబోతున్నారన్న నిర్దిష్ట సమాచారం ఉండాలి. వినతిపత్రం ఇవ్వబోతున్నారన్న సమాచారం దానికి చాలదు.

సోమవారం అర్జీల గురించి ఆ అమ్మాయినే చెప్పమందాం.


పాపికొండల పిల్ల

ఇచ్చామండి. రసీదులు ఉన్నాయి. ‘పరిష్కరించబడినది’ అని ఫోనుకు మెసేజ్ వస్తుంది. ఏమి పరిష్కరించారో ఉండదు. పై కార్యాలయానికి పంపినా వాళ్ల లెక్కలో పరిష్కారమే. కలెక్టర్ గారు మారతారు, ప్రాజెక్టు అధికారి మారతారు, మేము మళ్లీ మొదటి నుంచి చెబుతాం. డబ్బు పోలవరానికి కేంద్రం నుంచి రావాలంటారు, ఢిల్లీకి వెళ్లడం మావల్ల కాదు. కాబట్టి ఢిల్లీ మనిషో అమరావతి మనిషో ఈ దారిన వచ్చినప్పుడే వెళ్తాం.

చెట్లు నరికిన బంద్ గురించి కూడా అడిగారు. 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు జీవో 3 కొట్టేసింది. ఏజెన్సీ బడుల్లో టీచరు ఉద్యోగాలన్నీ స్థానిక గిరిజనులకే అన్న జీవో అది. ఆ ఉద్యోగాల మీద ఆశతో డీఎడ్, బీఎడ్ చదివిన పిల్లలు మా ప్రతి ఊళ్లో ఉన్నారు. ఆ తీర్పు తరువాత జరిగిన బంద్‌లలో ఆసుపత్రి బండిని ఆపకూడదని మావాళ్లే దారిలో నిలబడి పంపించడం నేను చూశాను. ఎక్కడైనా ఆపి ఉంటే అది తప్పే, నేను కాదనను.


శివారు రైతు, సఖినేటిపల్లి

నేను చదువుకున్నది తక్కువ, చేసేది వ్యవసాయం. కాలువ చివరన భూమి. మా వైపు నుంచి ఈ మాట రావాలనిపించింది.

2011లో కోనసీమ రైతులం పంట విరామం ప్రకటించాం. గిట్టుబాటు ధర లేదు, మురుగు కాలువలు పూడిపోయి సార్వా (వానాకాలం పంట) చేలు మునుగుతున్నాయి, కూలీ ఖర్చు పెరిగింది. వేల ఎకరాలు బీడు పెట్టాం. అప్పుడు మా చేల గట్ల మీదికి ఢిల్లీ చానళ్లు కూడా వచ్చాయి. మేము ఏమి అడుగుతున్నామో ఒక్కొక్కటీ రాశారు. మోహన్ కందా కమిటీ వేశారు. మంత్రులు వచ్చారు, మేము వాళ్ల కార్లకు అడ్డం పడ్డ సందర్భాలూ ఉన్నాయి. ఒక్క పేపరూ మమ్మల్ని ప్రమాదకరమైన మనుషులుగా రాయలేదు. రైతు కడుపు మండింది అని రాశారు. అదే పని కొండ మీదివాళ్లు చేస్తే కాన్వాయ్ మీదికి వచ్చారు అని రాస్తున్నారు. పాత విలేకరి గారు చెప్పిన పెట్రోలు ఖర్చు ఒక్కటే దీనికి కారణం కాదు. మాకు పట్నంలో చుట్టాలు ఉన్నారు, డెస్కులో మా ఊరివాడు ఉన్నాడు, అసెంబ్లీలో మావాళ్లు ఉన్నారు. వాళ్లకు ఎవరున్నారు?

ఇంకో సంగతి. దాళ్వాకు, అంటే రెండో పంటకు, గోదావరిలో సహజంగా వచ్చే నీరు చాలదు. సీలేరు నుంచి వదిలితేనే ధవళేశ్వరం దగ్గర మట్టం నిలబడుతుంది, వంతులవారీగా అయినా మా శివారుకు తడి అందుతుంది. ఆ సీలేరు ఏ కొండల్లో పుడుతుంది? రేపు పోలవరం నిండితే డెల్టాలో పది లక్షల ఎకరాలకు ధీమా. అందుకోసం లక్షకు పైగా కుటుంబాలు ఇళ్లు వదులుకోవాలి, అందులో గిరిజనులే ఎక్కువ. నీళ్లు తాగేది మేము. వాళ్ల కాగితంలో ఏముందో మా నీటి సంఘంలో ఒక్కసారి కూడా చదవలేదు. ఆ అమ్మాయి రాసిన నాలుగు అంశాలూ ఇప్పుడే మొదటిసారి వరుసగా చదివాను.


గునుపూడి మాస్టారు, భీమవరం

‘వాళ్లకు ఎవరున్నారు’ అని రైతు గారు వేసిన ప్రశ్నకు చరిత్రలో ఒక జవాబు ఉంది.

1922 ఆగస్టులో అల్లూరి నాయకత్వంలో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీస్ స్టేషన్ల మీద దాడులు అందరికీ గుర్తు. సినిమాల్లో, విగ్రహాల్లో ఉన్నది ఆ విల్లే. కానీ ఆ తిరుగుబాటు దేనికి? 1882 మద్రాసు అటవీ చట్టం తరువాత పోడు (అడవి నరికి చేసే కొండ సాగు) మీద ఆంక్షలు. నర్సీపట్నం నుంచి చింతపల్లి రోడ్డు పనిలో కూలి సరిగా ఇవ్వకుండా చాకిరీ. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ దౌర్జన్యం. ముఠాదారుల (కొండ ఊళ్ల పెత్తందార్ల) హక్కులు పోవడం. ఇవన్నీ అర్జీలు పెట్టుకోదగ్గ విషయాలే, అర్జీలు పెట్టుకున్నారు కూడా. 1924 మే 7న కొయ్యూరు దగ్గర సీతారామరాజును చంపేశారు. ఆయన వెంట నడిచిన గాం మల్లుదొర స్వాతంత్ర్యం వచ్చాక 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు. మా పట్టణంలో ఎంతమందికి ఆయన పేరు తెలుసు? విగ్రహం నిలబెట్టుకున్నందుకు నాకు గర్వమే. కానీ పోడు పట్టా అడిగే నేటి కొండరెడ్డి, కోయ, వాల్మీకి మనిషికి ఆ విగ్రహం ముందు ధర్నాకు అనుమతి దొరకాలి. అప్పుడు ఆ గర్వానికి అర్థం ఉంటుంది.


పాలకొల్లు ప్రవాసి, కాన్‌బెర్రా

ఇక్కడ 2023 అక్టోబరు 14న రెఫరెండం జరిగింది. మూలవాసులకు పార్లమెంటుకు సలహా ఇచ్చే ఒక వేదికను రాజ్యాంగంలో పెట్టాలా అన్నది ప్రశ్న. వద్దన్నవారే నూటికి దాదాపు 60 మంది. కారణాలు చాలా ఉన్నాయి, ఒక్క మీడియా మీద తోసేయను. కానీ 1972 నుంచి వాళ్ల పేరు వినగానే మామూలు మనిషి కళ్ల ముందు మెదిలేది ఏ బొమ్మ అని ఆలోచిస్తే, ఆ అద్దాల గోడ దగ్గరి తోపులాటకూ ఆ ఓటుకూ సంబంధం లేదని నేను అనుకోలేను.


విశ్రాంత హెడ్ కానిస్టేబుల్, రాజమహేంద్రవరం

అమ్మాయి నన్ను అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పాలి. కలపకూడదు తల్లీ. కలపకుండా ఉండే దారి కూడా డిపార్ట్‌మెంటులో ఉంది, కొన్నిచోట్ల మేము చేశాం. నాయకుడు వచ్చే ముందు స్పెషల్ బ్రాంచివాళ్లు ఎవరెవరు నిరసనకు వస్తున్నారో జాబితా రాస్తారు. ఆ జాబితానే పెద్దలను స్టేషన్లో కూర్చోబెట్టడానికి వాడతారు. దాన్నే తిరగేసి, ఆ ఊరి నుంచి ఐదుగురికి హెలిప్యాడ్ దగ్గరో వేదిక వెనుకో తనిఖీ చేసిన తరువాత కలిసే వీలు కల్పించవచ్చు. మెటల్ డిటెక్టర్ దాటి వచ్చిన మనిషి కాగితం ఇస్తే నాయకుడికి ముప్పేమీ లేదు. ఐదు నిమిషాల పని. చేయాలంటే నాయకుడి కార్యాలయం ముందుగా ఒప్పుకోవాలి, ఎస్పీ గారికి ఆ మాట రావాలి. కింది స్థాయిలో ఎవరూ సొంతంగా చేయలేరు, చేస్తే సస్పెండ్ అవుతారు. ఒకసారి అలా జరిగిన రోజున రోప్ పార్టీలో నిలబడ్డ మా కుర్రవాళ్లు మజ్జిగ తాగుతూ జనంతో మాట్లాడుకున్నారు. ఒక్క తోపులాటా లేదు, మర్నాడు పేపర్లో ఒక్క ఫొటో కూడా లేదు.


పాత విలేకరి, కొవ్వూరు

హెడ్ గారి చివరి మాటే మా సమస్య. తోపులాట లేకపోతే ఫొటో లేదు, ఫొటో లేకపోతే వార్త లేదు.

నేను ఇప్పుడు పత్రికలో లేను కానీ జిల్లాలో పనిచేసే కుర్రవాళ్లు చాలామంది మాట వింటారు. వాళ్లకు చెప్పేది ఇదే: నిరసన వార్త రాస్తే రెండో వాక్యంలో డిమాండు ఉండాలి. వినతిపత్రం కాపీ ఫోనులో ఫొటో తీసుకోవాలి. పోలీసుల మాట రాస్తే పక్కనే ఆ ఊరి మనిషి మాట ఉండాలి, దొరకకపోతే దొరికేదాకా ఆగాలి. ఒక్కటైనా పాటిస్తే ఆ పిన్ని ఫొటో కింద వ్యాఖ్య వేరుగా ఉండేది. డెస్కువాళ్లు స్థలం లేదంటారు. ఆ స్థలం ఇప్పించుకోవడానికి పోట్లాడవలసిందే, ఎందుకంటే తరువాత కోర్టులో, అసెంబ్లీలో, కమిటీల్లో ఆ క్లిప్పింగే సాక్ష్యంగా చూపిస్తారు.


తణుకు ప్రయాణికుడు

రసీదుల సంగతి నాకు తెలియదు. కార్యాలయం ‘పరిష్కరించబడినది’ అని రాసి పంపితే ఇక సోమవారం వెళ్లమని నేను ఎవరికీ చెప్పలేను. న్యాయవాది గారూ, ఆ రసీదుల మీద కోర్టుకు వెళ్లవచ్చా?


న్యాయవాది, కాకినాడ

వెళ్లవచ్చు. అర్జీ మీద కారణాలతో లిఖితపూర్వక ఉత్తర్వు ఇవ్వమని హైకోర్టులో రిట్ వేయవచ్చు. 18 ఏళ్ల విషయంలో చట్టం వారి వైపే మాట్లాడుతోంది, వాదించవలసింది ఏ తేదీని లెక్కలోకి తీసుకోవాలన్నది. రసీదులు, తరలించిన తేదీ కాగితాలు, పిల్లల బడి సర్టిఫికెట్లు కలిపి ఉంచాలి. ఫీజు విషయం ఆలోచించవద్దు, న్యాయసేవల సంస్థ ద్వారా వెళితే షెడ్యూల్డ్ తెగలవారికి ఉచితమే. నేను చూస్తాను.


శివారు రైతు, సఖినేటిపల్లి

అమ్మా, ఆ వినతిపత్రం నకలు మాకు పంపగలవా? దాళ్వా నీటి విడుదల మీద మా నీటి సంఘం సమావేశం ఉంది. ఇరిగేషన్ ఇంజనీర్లు వస్తారు, ఎమ్మెల్యే గారు కూడా వచ్చే వీలుంది. అజెండాలో పెట్టమని అడుగుతాను. పెట్టకపోతే నేనే లేచి చదువుతాను. మా దగ్గర తాడు కట్టేవారు ఎవరూ లేరు.


పాపికొండల పిల్ల

పంపుతాను అన్నయ్యా. నాలుగు పేజీలు ఉంది. చేతిరాత కాబట్టి టైపు చేసి పెడతాను. వెనుక పేజీల్లో వేలిముద్రలు, పేర్లు ఉన్నాయి, అవి ఇక్కడ పెట్టను, మీకు విడిగా పంపుతాను. పేర్లు మాత్రం సమావేశంలో చదవవద్దు. అంశాలు చదవండి. రెండో పేజీలో 18 ఏళ్లు నిండినవారి జాబితా ఉంది, ఇంజనీర్లు అడిగితే ముందు అది చూపించండి. న్యాయవాది గారూ, బడి సర్టిఫికెట్లు కొన్ని వరదలో పోయాయి. హెడ్మాస్టరు దగ్గర రిజిస్టరు ఉంటుందా, దాని నకలు చెల్లుతుందా చెప్పండి.


న్యాయవాది, కాకినాడ

చెల్లుతుంది. అడ్మిషన్ రిజిస్టరులోని ఆ పేజీ నకలు మీద హెడ్మాస్టరు సంతకం, ముద్ర ఉండాలి. ముందు ఎన్ని పోయాయో జాబితా రాయండి.